కోరంగిలో బోటు తప్పిన సంగతి

కోరంగి మడ అడవుల్లో ఆ రోజు మేము బోటు ఎక్కలేకపోవడానికి కారణం నా భార్య కాదు. ఆమె క్యారియర్లు కట్టడంలో ఆలస్యం చేయలేదు. వీధి చివరిదాకా వెళ్లాక, గ్యాస్ కట్టేశానో లేదో అంటూ కారు వెనక్కి తిప్పించలేదు. ఆవకాయ సీసా కోసం ఎవరినీ మళ్లీ ఇంట్లోకి పంపలేదు. ఇవన్నీ నేను చెప్పిన మాటలే. కరోనాకు ముందు నుంచీ, నలుగురు కూర్చున్న ప్రతిచోటా చెప్పినవే. మా చర్చిలో, మా ఆఫీసులో, మా బంధువుల్లో ఈ కథ విననివాళ్లు తక్కువ. విన్నవాళ్లలో కొందరి కంటైనా ఇది పడుతుందని రాస్తున్నాను.

నేను ధవళేశ్వరంలో నీటిపారుదల ఆఫీసులో పని చేస్తాను. ఇంజనీరును కాను, కాగితాల మనిషిని. అయినా బ్యారేజీ పక్కన ఇన్నేళ్లు బతికినవాడికి నీళ్ల సంగతి తనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదన్న ధీమా ఒకటి వచ్చేస్తుంది. ఏ గేట్లు ఎత్తారు, ఎంత వదిలారు, కాలవలు ఎప్పుడు కట్టేస్తారు, ఇవన్నీ మాకు టీ తాగుతూ చెప్పుకునే కబుర్లు. నా భార్య ప్రైమరీ స్కూల్లో టీచరు. ఆదివారం పొద్దంతా చర్చితోనే సరిపోతుంది కాబట్టి, బయట ఎక్కడికైనా వెళ్లాలంటే మాకు రెండో శనివారమే వీలు.

బయటికి అంటే పెద్ద ప్రయాణాలేం కావు. బ్యారేజీ పక్కనున్న పార్కు, రాజమండ్రిలో గోదావరి గట్టు, లేదంటే కడియం నర్సరీలు. మా వైపు వాళ్లకు నర్సరీ అంటే టికెట్ లేని పార్కు. మొక్కల వరసల మధ్య గంటసేపు తిరుగుతారు. ఉత్త చేతులతో వచ్చేస్తే బాగుండదని పోయేముందు ఒక చిన్న మొక్క కొంటారు. నా భార్యకు ఆ తిరుగుడంటే ఇష్టం. వారమంతా పిల్లల మధ్య నిలబడే మనిషికి కాళ్లు ఎలా ఆడతాయో నాకు అర్థమయ్యేది కాదు. నేను మాత్రం గేటు దాటగానే కనబడ్డ మొదటి సిమెంటు బల్ల మీద కూర్చునేవాణ్ణి. "నువ్వు చూసిరా" అనేవాణ్ణి. ఆమె వెళ్లి, చూసి, వచ్చి, ఏమేం చూసిందో చెప్పేది. నేను ఊ కొట్టేవాణ్ణి. షుగరు, నడుం నొప్పి నాకు తర్వాత వచ్చాయి. అప్పటికి ఏ జబ్బూ లేదు. అయినా ఎప్పుడూ అలసటగానే ఉండేది. కూర్చుని చేసే ఉద్యోగంలో అంత అలసట ఎక్కణ్ణుంచి వచ్చేదో ఇప్పటికీ చెప్పలేను. నా మీద నాకే జాలి మాత్రం ఉండేది.

ఆ ఏడు దసరా సెలవుల్లో, రావులపాలెంలో అరటి వ్యాపారం చేసే మా బావమరిది పెళ్లాం పిల్లలతో మా ఇంటికి వచ్చాడు. పిల్లలకు ఏదైనా చూపిద్దామనుకున్నాం. కోరంగి పేరు నా భార్యే ఎత్తింది. అక్కడ మడ అడవి మధ్యలోంచి చెక్కల బాట వేశారని, దాని చివర బోటు ఎక్కితే ఏటి వెంట కొంత దూరం తిప్పుతారని చెప్పింది. పిల్లలు బోటు, బోటు అని గంతులేశారు.

"ఇప్పుడు అక్కడ నీళ్లుంటాయంటారా బావగారూ?" అన్నాడు బావమరిది.

"నీళ్ల సంగతి నన్నడుగుతావేంట్రా? నిన్ననే గేట్లు ఎత్తారు. పైనుంచి వచ్చిందంతా కిందికి వదిలేస్తున్నారు. రేపు పొద్దున్నకి ఆ ఏరు నిండుగా ఉంటుంది చూడు."

"అది మన కాలవలా కాదటండి," అంది నా భార్య. "మా స్కూల్లో తాళ్లరేవు టీచరు లేదూ, ఆవిడ చెప్పింది. అక్కడ సముద్రం పోటు వస్తేనే నీళ్లు ఎక్కుతాయట. పాటు వేళ నీళ్లు వెనక్కి పోయి బురదే కనబడుద్దట. రేపు పొద్దున్న పాటేనట. మధ్యాహ్నం రెండు దాటాక గానీ బోట్లు తిరగవట. కాస్త నిదానంగా బయల్దేరదామండి."

"మీ టీచరుగార్ని పాఠాలు చెప్పుకోమను. నీళ్లు మేం చూసుకుంటాం."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు.

మర్నాడు అనుకున్న వేళకే బయల్దేరాం. ఇది గట్టిగా చెప్పాలి. నేను హారన్ కొట్టేసరికి ఆమె గుమ్మంలో ఉంది, తాళం వేసేసి. చేతుల్లో పెద్ద క్యారియర్లు రెండు, నీళ్ల క్యాన్ ఒకటి, చాప ఒకటి. ఒక పూట ప్రయాణానికి ఇంత సరంజామా ఏంటని మనసులో విసుక్కున్నాను. కడియం దాటి, రామచంద్రపురం మీదుగా, కోతకు ఇంకా రాని పచ్చటి చేల మధ్యలోంచి వెళ్లాం. పిల్లలు దారిపొడుగునా పాటలు పాడారు.

చెక్కల బాట బాగుంది. రెండు పక్కలా మడ చెట్లు ఒకదాని మీద ఒకటి ఒరిగి పందిరి వేసినట్టున్నాయి. కింద నల్లటి బురద. అందులోంచి వేళ్లు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఎర్ర పీతలు, బురద మీదే గెంతే చిన్న చేపలు. పిల్లలు కటకటాలు పట్టుకుని వంగి వంగి చూస్తుంటే నా భార్య వాళ్లతో పాటే వంగి చూసింది. నాకు అప్పుడే అర్థమైంది. నీళ్లు ఉండాల్సిన చోట బురద ఉంది.

బాట చివర బోట్లన్నీ బురదలో ఒక పక్కకి ఒరిగి ఉన్నాయి.

"ఇప్పుడు లేదండి, పాటు," అన్నాడు అక్కడున్న మనిషి, వచ్చినవాళ్లందరికీ చెప్పినట్టే. "పొద్దుటి నుంచీ ఒక్కటీ కదల్లేదు. మధ్యాహ్నం దాటితే ఎక్కుద్దండి."

బావమరిది నా వైపు చూశాడు. నేను దూరంగా చెట్ల వైపు చూశాను.

"కూర్చుందామండి," అంది నా భార్య. గొంతులో గెలుపేమీ లేదు. "అన్నాలు తెచ్చాను కదా. చాప కూడా ఉంది. పిల్లలు తిని, ఇంకో చుట్టు తిరిగేసరికి నీళ్లొచ్చేస్తాయి."

అప్పుడు తెలిసింది ఆ క్యారియర్లు ఎందుకో. రాత్రి నాతో వాదించి నెగ్గలేదు. పొద్దున్నే లేచి, ఎదురుచూడ్డానికి కావలసినవన్నీ కట్టింది. పులిహోర, కోడికూర, అన్నం, పెరుగు, పిల్లలకి అరిసెలు. మేమక్కడ మూడు నాలుగు గంటలు కూర్చోవలసి వస్తుందని ఆమె ఒక్కదానికే తెలుసు. ఇన్నేళ్లూ నేను వెక్కిరించింది ఆ అన్నాన్నే.

సరే అని ఉంటే సరిపోయేది. బావమరిది అప్పటికే చెప్పులు విప్పి చాప పరిచే చోటు వెతుకుతున్నాడు. కానీ నాకు ఇంటికి వెళ్లి పడుకోవాలని ఉంది. నేను పెట్టుకున్న సెలవు ఇంకో రెండు రోజుల్లో అయిపోతుంది, మధ్యాహ్నం నిద్ర ఒకటి పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. అంతకు మించి కారణమేమీ లేదు. "ఈ ఉక్కలో అంతసేపు ఎవరు కూర్చుంటారు? పదండి, పదండి" అన్నాను. పెద్ద అల్లుణ్ణి కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేదు.

తిరిగొస్తుంటే కార్లో బావమరిది చిన్న కూతురు అడిగింది: "బోటు ఎందుకు ఎక్కలేదు మావయ్యా?"

"మీ అత్త క్యారియర్లు కట్టేసరికి బోటు వెళ్లిపోయిందమ్మా" అన్నాను.

కారంతా నవ్వింది. "మా అక్క చిన్నప్పటి నుంచీ అంతే బావగారూ!" అన్నాడు బావమరిది. బురదలో ఒరిగిన బోట్లు వాడూ చూశాడు. అయినా నవ్వడం తేలిక, నన్ను కాదనడం కష్టం. నా భార్య కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. దారిలో ఒక కల్వర్టు గట్టు మీద కూర్చుని ఆ అన్నాలు తిన్నాం, లారీల దుమ్ములో.

అక్కడితో ఆగిపోయి ఉంటే ఈ పాటికి అందరం మరిచిపోయేవాళ్లం. తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో టీ తాగుతూ మళ్లీ చెప్పాను. నేను సహజంగా నలుగురిలో మాట్లాడగలిగినవాణ్ణి కాను. ఆ రోజు నలుగురూ నా చుట్టూ నిలబడి నవ్వుతుంటే బాగుంది. టీ అందిస్తున్న నా భార్య, "అదేం కాదండి, పాటు వచ్చింది అంతే" అంది.

"ఆడవాళ్లు ఎప్పుడైనా ఒప్పుకున్నారా బ్రదర్?" అన్నారెవరో. మళ్లీ నవ్వులు. ఆ తర్వాత ఆమె ఎప్పుడూ కాదనలేదు.

కథ పెరిగింది. గ్యాస్ సంగతి ఒకసారి చేర్చాను, ఆవకాయ సీసా ఇంకోసారి. "బ్రదర్, ఆ బోటు సంగతి చెప్పండి" అని అడిగించుకుని మరీ చెప్పేవాణ్ణి. క్రమంగా చర్చిలో స్త్రీల సమాజం వాళ్లు మీటింగు ఐదింటికైతే నా భార్యకు నాలుగున్నర అని చెప్పడం మొదలుపెట్టారు. ఆమె నాలుగున్నరకే వెళ్లి, ఎవరూ లేని గదిలో కుర్చీలు సర్దుకుంటూ కూర్చునేది. ఆ సంగతి నాకు తెలుసు. ఇంటికొచ్చి తనే చెప్పింది ఒకసారి. "అలాగైనా టైముకి వెళ్తావులే" అన్నాను.

ఈ మధ్య స్త్రీల సమాజంలో ఒక ఆలోచన వచ్చింది. చాలామందికి వయసు మీదపడింది. చర్చి, ఆస్పత్రి తప్ప ఎక్కడికీ కదలని వాళ్లున్నారు. వాళ్లను ఒక పూట ఎక్కడికైనా తీసుకెళ్లాలి. కోరంగి అయితే మెట్లెక్కే పని లేదు, బాట చదునుగా ఉంటుంది, పట్టుకోవడానికి కటకటాలున్నాయి, మెల్లగా నడవచ్చు. ఆ ఆలోచన నా భార్యది. చాలా రోజులు సాయంత్రాలు ఫోనులో తాళ్లరేవు టీచరుగారితో మాట్లాడుతూ ఉండేది. ఏ శనివారం పోటు ఎన్నింటికి, బోటులో ఎంతమందిని ఎక్కిస్తారు, ముసలివాళ్లు దిగడానికి ఎలా ఉంటుంది, ఇవన్నీ. నేను టీవీ ముందు కూర్చుని వింటూనే ఉన్నాను. ఆమె ముఖం కళగా ఉండేది.

ఒక రోజు సమాజం మీటింగు నుంచి వచ్చి, "నేను కోరంగి వెళ్లట్లేదండి. మోకాళ్లు నొప్పులు" అంది.

"మంచిపని. ఎందుకొచ్చిన శ్రమ" అన్నాను. నిజానికి ఆమె మోకాళ్లు బాగానే ఉన్నాయి. నాకు తెలుసు. అయినా అడగలేదు.

ఆదివారం పాస్టరమ్మగారు చర్చి గుమ్మం దగ్గర నన్ను ఆపారు. "మీ ఆవిడగారికి మోకాళ్లంట కదండి, పాపం. పోన్లెండి, ఈసారైనా బోటు దొరుకుద్దేమో మాకు!" అని నవ్వారు. నేను అలవాటుగా నవ్వాను. ఆవిడే మిగతాదీ చెప్పారు. కోరంగి అనుకోగానే ఏర్పాట్లు నా భార్యే చూస్తానందట. సమాజం అధ్యక్షురాలు, ఆవిడ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్, "వద్దమ్మా తల్లీ, నువ్వు చూస్తే బస్సు కూడా తప్పిపోద్ది" అన్నారట. అందరూ నవ్వారట. పని ఇంకొకావిడకి ఇచ్చారట. "మీ ఆవిడ కూడా బాగా నవ్విందండి" అన్నారు పాస్టరమ్మగారు.

ఆ వారం గృహ ప్రార్థన మా ఇంట్లో. పాటలయ్యాక సాక్ష్యాలు చెప్పమన్నారు. ఎవరికి జ్వరం తగ్గిందో, ఎవరి పిల్లాడికి సీటు వచ్చిందో చెప్పి, కృతజ్ఞత చెప్పుకుని కూర్చుంటారు. నేను ఎప్పుడూ లేవనివాణ్ణి లేచాను. బోటు సంగతి అబద్ధమన్నాను. ఆలస్యం ఎవరూ చేయలేదన్నాను. పాటు సంగతి తను ముందే చెప్పిందని, నేనే వినలేదని, అక్కడ ఆగుదామన్నా ఆగనివ్వలేదని అన్నాను.

మొదట చిన్నగా నవ్వులు వినబడ్డాయి. కథకు కొత్త ముగింపు కట్టాననుకున్నారు. నేను నవ్వకపోయేసరికి ఆగిపోయాయి. అప్పుడు మా పెద్దల్లో ఒకాయన చెమ్మగిల్లిన కళ్లతో లేచారు.

"చూశారా బ్రదర్స్, భార్య పొరపాటుని తన మీద వేసుకుంటున్నాడు. భర్త అంటే ఇలా ఉండాలి. దేవునికి స్తోత్రం."

"స్తోత్రం" అన్నారందరూ.

నేను "అది కాదండి" అన్నాను. ఆయన నా భుజం తట్టి కూర్చోబెట్టారు. ప్రార్థన మొదలైంది. నా భార్య టీ కప్పుల పళ్లెం పట్టుకుని వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. ఆమెన్ అనేదాకా అలాగే నిలబడింది.

అందరూ వెళ్లాక కప్పులు తీస్తూ అంది: "ఎందుకండీ ఇదంతా? ఇన్నాళ్లూ ఆలస్యం చేసిన మనిషిని. ఇప్పుడు ఆలస్యమూ చేసి, తప్పు మొగుడి నెత్తిన వేయించిన మనిషిని."

"నిజం చెబుదామనే కదా..."

"నాకు తెలుసు నిజం. మీకూ తెలుసు. ఇంక వదిలెయ్యండి. ఓపిక లేదు నాకు."

ఆమె నోట ఓపిక లేదన్న మాట నేను వినడం అదే మొదలు. ఆ మాట మా ఇంట్లో నాది.

మర్నాడు ఆఫీసు నుంచి నేరుగా హెడ్‌మిస్ట్రెస్‌గారి ఇంటికి వెళ్లాను. ఆవిడ వరండాలో కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తున్నారు. "రండి రండి, నిన్న మీ సాక్ష్యం గురించే అంతా చెప్పుకుంటున్నారు" అన్నారు.

"అది సాక్ష్యం కాదండి, జరిగింది. నేను మంచివాణ్ణని చెప్పుకోడానికి రాలేదు. ఆవిడకి మోకాళ్లు నొప్పులు లేవు. మీరు నవ్వారని రావట్లేదు. మీరు నవ్వింది నా వల్ల."

ఆవిడ చేతులు ఆగాయి. స్కూల్లో పిల్లల్ని చూసినట్టు నన్ను కాసేపు చూశారు.

"మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పారండి అలాగ?"

"నవ్వుతున్నారు కదాని."

"ఆయ్. నవ్వాం. మేం కూడా అడగలేదు లెండి, అవునామ్మా అని ఒక్కసారైనా." చిక్కుళ్ల చేట పక్కన పెట్టారు. "బస్సు తొమ్మిదింటికి మాట్లాడేశారు మరి. సరిపోద్దా?"

"నాకు తెలీదండి. ఆవిడకి తెలుసు."

ఆవిడ ఫోను తీసి నా ముందే కలిపారు. అవతలి మాట నాకు వినబడలేదు. "ఏమ్మా, మీ ఆయన ఇక్కడే ఉన్నారు... కాదు, కాదు, అందుకు కాదు. మనం వెళ్లే రోజు పోటు ఎన్నింటికి?... ఓరి దేవుడా, పదకొండుకే దిగిపోద్దా? అయితే ఆరింటికే బయల్దేరాలన్నమాట... టిఫిన్లు దారిలోనా?... సరే. ఆ సంగతి ఏర్పాట్లు చూసే ఆవిడతో నువ్వే చెప్పు. నేను చెబితే నాకేం తెలుసని?... నీ మోకాళ్ల సంగతి నాకు చెప్పకు. నీకంటే ఇరవై ఏళ్లు పెద్దదాన్ని. నువ్వు రాకపోతే నేనూ రాను."

ఫోను పెట్టేసి, "పని ఒకావిడకిచ్చి మళ్లీ లాక్కుంటే బాగోదండి. ఏర్పాట్లు ఆవిడే చూస్తుంది. మీ ఆవిడ వచ్చిందంటే చాలు" అన్నారు. నాకు కాఫీ ఇస్తాననలేదు. మా వైపు అది చిన్న సంగతేం కాదు. నేను లేచి వచ్చేశాను.

ఆ శనివారం తెల్లవారకముందే నా భార్య వెళ్లింది. నేను ఇంట్లోనే ఉన్నాను. మధ్యాహ్నం పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు. పొద్దువాలే వేళకి వచ్చింది, చీర అంచు బురదతో. కుర్చీలో కూర్చుని నీళ్లు తాగింది.

"ఎక్కారా?" అన్నాను.

"ఎక్కాం. ఏరు నిండా నీళ్లు. నీటికుక్కలు కనబడ్డాయండి, రెండు. హెడ్‌మిస్ట్రెస్‌గారికి భయం, బోటు దిగేదాకా నా చెయ్యి వదల్లేదు." గ్లాసు కింద పెట్టింది. "బస్సులో మళ్లీ ఎత్తారు ఆ సంగతి."

"ఎవరు?"

"ఎవరైతేనేంలెండి. నేను చెప్పేశాను. నీళ్లు రావడానికి ఇంకా టైముంది, అన్నాలు కూడా ఉన్నాయి, మా ఆయనకి నిద్రొచ్చింది, అందుకని వచ్చేశాం అని."

"నవ్వారా?"

"లేదు."

ఆమె పాదాలు నొక్కుకుంటూ, వచ్చే రెండో శనివారం కడియం నర్సరీలకు వెళ్దామంటున్నారని, అక్కడ ఏ దారి చదునుగా ఉంటుందో చూడ్డానికి తనని ముందుగా ఒకసారి వెళ్లి రమ్మన్నారని చెప్పింది.

"నేనూ వస్తాను చూడ్డానికి" అన్నాను. "ఈసారి కూర్చోను. నడుస్తాను."

ఆమె నా వైపు చూసి, నిజంగానే ఆలోచించింది.

"ఎందుకులెండి. తాళ్లరేవు టీచరు వస్తానంది నాతో. మీరు అలిసిపోతారు" అని లేచి స్నానానికి వెళ్లింది.

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని చాలాసేపు వెతికాను. లేదు.